చాసిస్ మీద జాజు

ఇప్పటిదాకా జరిగిన దానికి లెక్క చెప్పేస్తాను. 2005 సెప్టెంబరులో ఒక శుక్రవారం సాయంత్రం బర్గూరు దాటాక, హైవే వంతెన దగ్గర, గ్రానైట్ క్వారీలో కూలికి పోయే నంజమ్మను ఒక మోటారు సైకిలు గుద్దింది. ఆమె అక్కడికక్కడే పోయింది. గుద్దినవాడు బండిని వంతెన కిందికి తోసి, నంబరు ప్లేట్లు రెండూ ఊడబీక్కొని పరారైపోయాడు. ప్లేట్లు పీకగలిగాడు గానీ, ఇనుములో కొట్టిన చాసిస్ నంబరును పీకలేడు కదా. పోలీసులు ఆ నంబరు పట్టుకొని ఆర్టీవో ఆఫీసుకు పోయారు. అక్కడి కాగితాల ప్రకారం ఆ బండి నాలుగు ఆరు రెండు ఐదు అనే ప్లేటుది, కెలవరపల్లి పక్కన వ్యవసాయం చేసుకునే కొండప్పది. తీరా కొండప్ప ఇంటికి పోతే, అదే నాలుగు ఆరు రెండు ఐదు ప్లేటుతో ఒక బండి చెక్కు చెదరకుండా వాకిట్లో నిలబడి ఉంది.

బండ్లు రెండు, నంబరు ఒకటి. ఆ నంబరు బండిని ఐదేళ్ళ కిందట కొండప్పకు అమ్మినవాణ్ణి నేనే.

అందుకని ఆ పై వారం ఆదివారం పొద్దున, హోసూరులో నా సెకండ్ హ్యాండ్ బండ్ల షాపు తాళం కూడా తీయకుండా బస్సెక్కాను. సంచిలో మెత్తటి పెన్సిలు, సిగరెట్ పెట్టెలో వచ్చే పలచటి కాగితాలు, భూతద్దం, నా పాత ప్రింట్ల పుస్తకం పెట్టుకున్నాను. గడప దాటుతుంటే మా ఇంటిది కాత్యాయని వెనకనుంచి ఒక్క మాట అంది.

"చూసింది చూసినట్టు చెప్పి వచ్చేయండి. అడగనిది చెప్పొద్దు."

ముప్పై ఏళ్ళ వ్యాపారంలో నేను నేర్చుకున్నది కూడా అంతే. అడగనిది చెప్పిన అమ్మకందారు ఎవరూ బాగుపడలేదు.

*

హైవే పక్క స్టేషను కాంపౌండులో బండ్లు రెండూ పక్కపక్కనే నిలబెట్టి ఉన్నాయి. రెండూ నలుపే. రెండింటి ట్యాంకుల మీదా ఒకే ఎర్ర గీత. ఒకదాని ఫోర్కు వంగిపోయి, హెడ్‌లైటు పగిలి, చక్రాల నిండా వాగు బురద ఎండిపోయి ఉంది. రెండోది పెళ్ళికి పోయే బండిలా తళతళలాడుతోంది.

వరండాలో బెంచీ కాలికి ఆనుకొని కొండప్ప కింద కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, ఒంటి మీద బనియను మాత్రమే ఉంది. నిన్నటి నుంచి అక్కడే ఉన్నాడు. మెట్ల మీద అతని భార్య మంజులమ్మ ఒళ్ళో క్యారియరు పెట్టుకొని కూర్చుంది. క్యారియరు మూత తీసిన జాడ లేదు.

కాంపౌండు గోడ నీడన ఇంకొకతను గొంతుక్కూర్చొని ఉన్నాడు. తల మీది తువ్వాలు కళ్ళ దాకా దిగి ఉంది.

"ఆయన గుర్రప్ప. నంజమ్మ మొగుడు," అని నాకు చెవిలో చెప్పాడు హెడ్ కానిస్టేబులు. "కంప్లైంటు ఇచ్చింది ఆయనే. దినామూ వస్తాడు. దొరికినాడా అని అడుగుతాడు, ఆడనే కూర్చుంటాడు. టీ ఇచ్చినా తాగడు."

అటు చూడడానికి నాకు మొహం చెల్లలేదు. నేను అమ్మిన బండి అతని భార్యను చంపింది.

ఎస్సై ముప్పై ఏళ్ళ కుర్రాడు. ధర్మపురి అరవవాడైనా హోసూరులో పనిచేసినప్పుడు తెలుగు పట్టుకున్నాడు.

"రండి శెట్టియార్. మా వెహికల్ ఇన్‌స్పెక్టరు లీవులో ఉండారు. రేపు పొద్దున్నే ఈయన్ని క్రిష్ణగిరి కోర్టులో నిలబెట్టాల. నంబర్లు చదివి ఒక కాగితం రాసిచ్చినారంటే చాలు. మీరు అమ్మిన బండి ఏది, కానిది ఏది. అంతే."

"నా కాగితం కోర్టులో చెల్లుతుందాండీ?"

"అమ్మినవాళ్ళు మీరు. మీ కాగితం మీదనే ఆయన లోపలికి పోయేదీ, ఇంటికి పోయేదీ."

ఆ మాట వరండా దాకా వినిపించింది. కొండప్ప తలెత్తాడు.

"శెట్టప్పా! నువ్వే చెప్పు. ఈ నిలబడిండే బండే కదా నువ్వు నాకు ఇచ్చినది? ఆ బురద బండిని నేను కంటితో కూడా చూసిండలేదు."

"నువ్వు ఊరకుండు. నిన్నెవరూ అడగలే," అన్నాడు ఎస్సై. నా వైపు తిరిగి తన లెక్క చెప్పాడు. "ఈయన కూతురు పవిత్ర బర్గూరు కాలేజీలో చదువుతా ఉంది. నెలకు రెండుసార్లు రాగిపిండీ ఊరగాయా ఎత్తుకొని ఈ రోడ్డునే వస్తాడు. ఆ శుక్రవారం వచ్చినాడు, గుద్దినాడు, భయపడి బండిని వంతెన కింద తోసినాడు, ప్లేట్లు పీక్కొని పోయినాడు. తర్వాత అదే కలరు బండిని యాడనో ఎత్తుకొచ్చి, ఆ ప్లేట్లు దానికి బిగించి వాకిట్లో పెట్టినాడు. అడిగితే, నా బండి ఇదో ఈడ ఉండాదే అంటాడు. ఎట్ల ఉంది శెట్టియార్?"

సరుకు మంచిదైతే తప్పు పట్టకూడదు. ఆ లెక్కలో ఎక్కడా చిల్లు కనిపించలేదు.

"ఆ శుక్రవారం నేను చేన్లో ఉండినాను సామీ," అన్నాడు కొండప్ప.

"సాక్షి ఎవరు?"

"ఎద్దులు."

హెడ్డు కిసుక్కున నవ్వాడు. మంజులమ్మ తన మొగుడి వైపు చూసిన చూపుకు ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

*

మొదట బురద బండి దగ్గరికి పోయాను. చాసిస్ నంబరు ఎక్కడ ఉంటుందో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. హ్యాండిలు కింద, ముందు ఫోర్కు పోయే గొట్టం ఉంటుంది. బండికి అది మెడ లాంటిది. ఆ మెడకు కుడిపక్కన పదిహేడు అక్షరాలూ అంకెలూ ఇనుములోకి దిగేలా కొట్టి ఉంటాయి. దాని మీద పలచటి కాగితం పరిచి, పెన్సిలును వాలుగా పట్టి రుద్దితే, నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు లేచి వస్తాయి. దాన్నే మేము ప్రింటు అంటాం. బండి పేరు మారాలంటే ఆ ప్రింటును ఫారానికి అంటించాలి. ఏ బండి కొన్నా మొదటి గంటలోనే ప్రింట్లు రెండు తీయడం నా పద్ధతి. ఒకటి ఫారానికి, ఒకటి నా పుస్తకానికి. ఈ పద్ధతి గురించి నేను చాలా ఏళ్ళు గర్వపడ్డాను.

ప్రింటు తీసి ఎస్సైకి చూపించాను.

"మొదటి మూడూ దేశమూ కంపెనీ. తర్వాత ఆరు, ఏ మోడలు, ఏ ఇంజను అని. పదో అక్షరం బండి పుట్టిన సంవత్సరం. పదకొండోది ఏ ఫ్యాక్టరీ అని. కడపటి ఆరూ వరుస నంబరు. పదోది చూడండి, డబ్ల్యూ. తొంభై ఎనిమిదికి డబ్ల్యూ, తొంభై తొమ్మిదికి ఎక్స్, రెండు వేలకు వై. ఆ తర్వాత అక్షరాలు ఆపేసి ఒకటి, రెండు అని అంకెలు వేస్తారు."

"అంటే ఇది తొంభై ఎనిమిది బండి. కొండప్ప ఆర్సీలోనూ తొంభై ఎనిమిదే. పదిహేడూ సరిపోయినాయి కదా?"

"సరిపోయినాయండీ."

కొండప్ప బెంచీ కాలికి తల వాల్చేశాడు.

రెండో బండి దగ్గరికి నడిచేసరికి హెడ్డు పెట్రోలులో గుడ్డ ముంచుకొని మెడ మీదికి వంగుతున్నాడు. అక్కడ ఎర్రగా మందంగా ఏదో పట్టి ఉంది.

"తుడవొద్దు!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. హెడ్డు ఉలిక్కిపడి గుడ్డ జారవిడిచాడు.

"ఏమప్పా శెట్టీ, మురికిలో ఏం చదువుతావు?"

"మురికి కాదన్నా. జాజు."

ఎర్రమన్నును నీళ్ళలో కలిపి గోడలకూ అరుగులకూ పూస్తారే, ఆ జాజు. దాని మీద సున్నపు బొట్లు. పట్నంలో ఎవరూ బండికి జాజు పెట్టరు. కుంకం, గంధం, లేదంటే విభూతి.

"అది నేను పెట్టింది," అంటూ మంజులమ్మ మెట్ల మీద నుంచి లేచింది. "ఆయుధ పూజకి. నాగలికి పెడతాము, కాడికి పెడతాము, దీనికీ పెడితి. అదీ మమ్మల్ని మోసేదే కదా."

"ఈ మూలకేంటికి పెట్టినావమ్మా? అందరూ లైటు మీద పెడతారు కదా," అన్నాడు ఎస్సై.

"ఎద్దుకి నుదురు యాడ ఉంటాదో మా అత్త చూపించింది. బండికి చూపించేదానికి ఎవరూ లేకుంటే నేనే వెతుకుతి. ఆడ ఏమో రాసిండారు. రాసిండేది నుదురు కాకుంటే ఇంకేమి?"

ఆ మాటకు కొండప్ప పెదవి కూడా కొంచెం కదిలింది. ఇరవై నాలుగు గంటల్లో అదే మొదటిసారి అయి ఉంటుంది.

నేను మోకాళ్ళ మీద కూర్చొని భూతద్దం పెట్టాను. ప్రింటు తీయనవసరం లేకపోయింది. పైపైన అరిగిపోయి, గుంతల్లో మాత్రం ఎర్రమన్ను నిండి, అక్షరాలన్నీ అచ్చు వేసినట్టు కనబడుతున్నాయి. ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటూ పోయాను. తొమ్మిది దాటాను.

పదోది ఎక్స్.

"చెప్పండి శెట్టియార్."

"తొంభై తొమ్మిది," అన్నాను.

"ఆర్సీలో తొంభై ఎనిమిది. బండి తొంభై తొమ్మిది." ఎస్సై చేతులు దులుపుకొన్నాడు. "అయిపోయింది. ఇది ఆయన బండి కాదు. రాసిచ్చేయండి."

"శెట్టప్పా!" కొండప్ప లేచి నిలబడ్డాడు. హెడ్డు అతని భుజం పట్టుకున్నాడు. "అయిదేండ్లు తోలినా దాన్ని! నా బండి నాకు తెల్దా?"

*

కాగితం రాసే ముందు పుస్తకం తిప్పాను. అలవాటు చొప్పునే తిప్పాను, ఏదో దొరుకుతుందని కాదు. రెండు వేల సంవత్సరం అక్టోబరు పేజీలు. నాలుగు ఆరు రెండు ఐదు దగ్గర డబ్ల్యూ ప్రింటు అంటించి ఉంది. బురద బండి నంబరే. దాని ఎదుటి పేజీలో మూడు ఏడు ఒకటి నాలుగు అనే ప్లేటు బండి ప్రింటు. ఎక్స్. కడపటి ఆరు అంకెలూ జాజులో చదివిన అంకెలే.

అప్పుడు నాకు ఆ రోజు గుర్తొచ్చింది. మొహాలు తప్ప మొత్తం.

ఆయుధ పూజకు రెండు రోజుల ముందు. షాపులో ఈ రెండు బండ్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకే మోడలు, ఒకే రంగు. ఒకటి నాలుగు ఆరు రెండు ఐదు. ఇంకొకటి మత్తిగిరిలో ఒక ఫ్యాక్టరీ ఉద్యోగి ఊరు మారిపోతూ అమ్మేసిన మూడు ఏడు ఒకటి నాలుగు. ఒకతను వచ్చాడు. నాలుగు ఆరు రెండు ఐదు బండి ఇంజను చప్పుడు విని, ఇదే కావాలన్నాడు. ధర కుదిరింది. తాళం చేతిలో పెట్టబోతే ప్లేటు చూసి ఆగిపోయాడు. ఎడమచెయ్యి పైకెత్తి, బొటనవేలితో కణుపులు లెక్కపెట్టాడు. మేమందరం చిటికెన వేలి నుంచి మొదలుపెడతాం. అతను చూపుడువేలి నుంచి మొదలుపెట్టాడు. నాలుగు, ఆరు, రెండు, ఐదు కలిపితే పదిహేడు. ఒకటీ ఏడూ ఎనిమిది.

"ఎనిమిది నాకొద్దు. శని నంబరు. ఆ పక్క బండిది ఆరు వస్తాది. ఆ నంబరు బాగుండాది, ఈ బండి బాగుండాది," అన్నాడు.

పండుగ ముందర బేరం. చెయ్యి జారితే మళ్ళీ రాదు. నేను స్పానరు తీసుకొని నాలుగు బోల్టులు విప్పాను. ఆరు వచ్చే ప్లేటును అతని బండికి, ఎనిమిది ప్లేటును మిగిలిన బండికి బిగించాను. ప్లేటును బట్టి ఆర్సీ ఇచ్చాను. రెండూ నల్లబండ్లే, ఎవరు వంగి మెడ చూస్తారు?

మరుసటి రోజు కొండప్ప వచ్చాడు. నా మనసులో ఉన్నది కనుక నేనే అన్నాను, ఎనిమిది వస్తుంది చూసుకోప్పా అని. అతను పకపకా నవ్వాడు. "నాకు ఎనిమిది ఎకరాలు ఉండాది శెట్టప్పా. ఎనిమిదే నాకు కూడు పెడతా ఉంది." వారంలో పేరు కూడా మార్పించుకున్నాడు. ఫారానికి అంటించిన ప్రింటు నేను మొదటి గంటలో తీసి పెట్టుకున్నది, నాలుగు ఆరు రెండు ఐదుకు అసలు సొంతమైన డబ్ల్యూ ప్రింటు. ఆఫీసులో కాగితానికీ కాగితానికీ సరిపోయింది. ఇనుము ఎవరూ అడగలేదు. కొండప్పకు కాగితం కన్నా ఒక ఏడాది కొత్త బండి పోయింది. అతనికి లాభమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆరు నంబరతను పేరు మార్పించుకోలేదు. పాత ఓనరు సంతకాలు చేసిన ఫారాలు జేబులో పెట్టుకొని, తర్వాత చూస్తానని పోయాడు. ఆర్టీవో పుస్తకంలో అతను లేడు. నా పుస్తకంలోనూ లేడు.

చట్టప్రకారం నడుచుకున్నవాడు బనియనుతో బెంచీ పక్కన నేల మీద కూర్చొని ఉన్నాడు. నడుచుకోనివాడు ఎక్కడో హాయిగా ఉన్నాడు. మధ్యలో స్పానరు నాది.

పుస్తకం మూసేశాను. ఎస్సై తెల్లకాగితం, పెన్ను నా ముందు పెట్టాడు.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నేను మంచివాణ్ణి కాదు. నేను లెక్క వేసుకున్నాను. చూసింది చూసినట్టు రాస్తే అందులో ఒక్క అబద్ధమూ లేదు. ఆర్సీ తొంభై ఎనిమిది, బండి తొంభై తొమ్మిది. సంతకం పెట్టి పన్నెండు గంటల బస్సు ఎక్కవచ్చు. స్పానరు సంగతి చెబితే నా మీద కేసు, షాపుకు తాళం. ముప్పై ఏళ్ళుగా నేను అమ్మిన ప్రతి బండినీ వంగి మెడ చూస్తారు. నమ్మకం అనే సరుకు ఒకసారి తిరిగి వచ్చిందంటే మళ్ళీ ఎవరూ కొనరు.

పెన్ను మూత తీశాను.

"శెట్టప్పా." మంజులమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది. గొంతు తగ్గించింది గానీ వణకలేదు. "ఆ రాతలు చదివేది నాకు తెల్దు. నీకు తెలుసు. అందులో మా ఆయన తప్పు ఉండాదంటే చెప్పు. ఈ సంగటి ఆయనకి తినిపించి నేను ఇంటికి పోతా. ఆయన తప్పు లేకుంటే ఎవరి తప్పో చెప్పు. రెండిట్లో ఏదో ఒకటి చెప్పు. ఊరికే ఆ పుస్తకం మూసేయొద్దు."

నేను పుస్తకం మూయడం ఆమె చూసింది. బండి అమ్మేటప్పుడు కొనేవాడి కళ్ళు ఎటు పోతున్నాయో చూడడం నా వృత్తి. ఆ రోజు ఆమె నాకు ఆ పని చేసి చూపించింది.

పెన్ను కింద పెట్టి లేచాను.

"అయ్యా, ఒకసారి ఇటు రండి. మంజులమ్మా, ఈ బండికి ఎన్ని ఆయుధ పూజలు చేసినావు?"

"అయిదు. వచ్చే నెలకు ఆరోది."

"పాత జాజు కడిగి కొత్తది పెడతావా, పాతదాని మీదనే పెడతావా?"

"కడిగేదేంటికి? ముందు పెట్టింది తీయకూడదు మా ఇంట్లో. దాని మీదనే."

జేబులోంచి బ్లేడు తీసి, నంబరు అంచు దాటి గొట్టం వంపులో మందంగా పేరుకున్న చోట నిలువుగా కోశాను. చిన్న పెచ్చు ఊడి అరచేతిలో పడింది. ఎస్సై చేతికి భూతద్దం ఇచ్చాను.

"పక్కనుంచి చూడండి. ఎర్రటి పొర, తెల్లటి పొర, మళ్ళీ ఎర్రది. మీరే లెక్కపెట్టండి."

అతను ఎండలోకి జరిగి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. మొదట తొందరగా, రెండోసారి నిదానంగా.

"ఎరుపు అయిదు."

"జాజు మీద జాజు. మధ్యలో సున్నం, నూనె, దుమ్ము. ఇది నిన్నామొన్న పూసింది కాదు. కావాలంటే వాళ్ళింటికి మనిషిని పంపి కాడి మీది పెచ్చు తెప్పించుకోండి, దీని పక్కన పెట్టి చూడండి. ఆ శుక్రవారం తర్వాత ఎత్తుకొచ్చిన బండి అయితే ఈమె చేతి జాజు అయిదు పొరలు ఎట్ల వచ్చిండేది? ఈ బండి అయిదేళ్ళుగా కొండప్ప వాకిట్లోనే ఉండాది."

హైవే మీద గ్రానైటు లారీ ఒకటి పోయింది. కింద నేల అదిరింది.

"సరి," అన్నాడు ఎస్సై నిదానంగా. అతని మొహంలో గెలుపు పోయింది, తెలివి పోలేదు. "అయిదేళ్ళుగా ఆడనే ఉండాది. అయితే కాగితం ఏంటికి కలవలేదు? ఆర్సీ ఆ బండిది, ప్లేటు ఆర్సీది, ఇనుము ఇంకొకదానిది. ఎవరో ఒకరు మార్చల్ల కదా. కొండప్ప కాకుంటే ఎవరు మార్చినారు?"

ఇదీ అడిగిన ప్రశ్న. అడిగినదానికి చెప్పొద్దని కాత్యాయని కూడా అనలేదు.

"నేను," అన్నాను.

పుస్తకం తెరిచి ఎదురెదురు పేజీలు రెండూ చూపించాను. పండుగ, శని నంబరు, నాలుగు బోల్టులు, అన్నీ వరసగా చెప్పాను. ఎక్కడా తగ్గించలేదు. మధ్యలో ఆగితే మళ్ళీ మొదలుపెట్టగలనన్న నమ్మకం లేదు.

"ఇది నేరమని తెలుసా మీకు?"

"తెలుసండీ. ఆ పొద్దూ తెలుసు."

కొండప్ప వరండా అంచుకు వచ్చి నిలబడ్డాడు. ఈసారి హెడ్డు ఆపలేదు. నన్ను తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. అతను నన్ను కొత్త బండిని చూసినట్టు పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఎనిమిది నన్నేమీ చేయలే శెట్టప్పా," అన్నాడు. "నువ్వు చేసినావు."

తెరిచిన పుస్తకాన్ని నేను ఎస్సై చేతికి ఇచ్చేశాను.

మంజులమ్మ మెట్ల మీద కూర్చొని క్యారియరు మూత తీసింది. "తిను," అంది మొగుడితో.

*

ఎస్సై కుర్చీ తెప్పించి నన్ను బండ్ల మధ్యనే కూర్చోబెట్టాడు. అది మర్యాదో, కాపలానో తెలియలేదు.

"మీ సంగతి తర్వాత చూస్తాం శెట్టియార్. ముందు ఇది చెప్పండి. ఆ పొద్దు ఈ బురద బండి కొనిన మనిషి ఎవరు?"

"పేరు తెల్దండీ. పేరు మార్పించుకోలేదు. సంతకాలు పెట్టిన ఫారాలు ఎత్తుకొని పోయినాడు. యాడివాడో చెప్పినాడేమో, గుర్తు లేదు."

"మొహం?"

"పండుగ రోజులు. దినానికి పదిమంది వచ్చిపోతారు. మొహం గుర్తు లేదు."

"ఏదో ఒకటి గుర్తుండల్ల కదా?"

"చెయ్యి గుర్తుంది."

హెడ్డు నవ్వు ఆపుకోలేకపోయాడు. "చెయ్యి పట్టుకొని యాడ వెతికేది శెట్టప్పా? అందరికీ రెండు ఉంటాయి."

"నవ్వొద్దు. రాసుకో," అన్నాడు ఎస్సై. "అతని బండికి అయిదేళ్ళుగా ఉండిన ప్లేటు ఏది? చుట్టుపక్కల పెట్రోలు బంకుల్లో, క్వారీల్లో అడుగుదాం. ఆ నంబరు బండి తోలేవాణ్ణి ఎవరో ఒకరు చూసుంటారు. గట్టిగా చదువు."

హెడ్డు నా పుస్తకం ఎత్తిపట్టుకొని, కాంపౌండు అంతా వినపడేలా చదివాడు.

"మూడు... ఏడు... ఒకటి... నాలుగు."

నేను కొండప్ప వైపు చూడలేక తల తిప్పుకొన్నాను. అలా తిప్పితే కళ్ళు గోడ నీడ మీద పడ్డాయి. పొద్దుటి నుంచి నేను చూడకుండా తప్పించుకుంటున్న చోటు అదే.

గుర్రప్ప తువ్వాలు అలాగే కళ్ళ దాకా ఉంది. తల కదల్లేదు. కానీ మోకాలి మీద పెట్టుకున్న ఎడమచెయ్యి తెరుచుకుంది. బొటనవేలు చిటికెన వేలి మీదికి కాదు, చూపుడువేలి మొదటి కణుపు మీదికి పోయింది. అంకె వెంట అంకెగా పైకి పాకింది, వేలు మారింది, మొత్తం పదిహేను దగ్గర ఆగి, ఒకటీ ఐదూ కలపడానికి మళ్ళీ మొదటికి వచ్చింది. అతను ఆ పని చేస్తున్నట్టు అతనికే తెలియదు. ఏళ్ళ తరబడి నాలుక మీద ఉన్న పాటను ఎవరో ఎత్తుకుంటే మనం గొంతు కలుపుతామే, అలా కదిలింది ఆ వేలు.

నడిమి వేలి చివరి కణుపు మీద ఆగింది. ఆరు.

తువ్వాలు కింద అతని కళ్ళు పైకి లేచాయి. నేను చూస్తున్నానని చూశాడు. ఎస్సై చూడలేదు, హెడ్డు చూడలేదు. మంజులమ్మ మొగుడికి ముద్ద కలుపుతోంది.

గుర్రప్ప నా మొహం మీద నుంచి చూపు తిప్పకుండా, ఒక్కొక్క వేలే మడిచి పిడికిలి బిగించాడు.